ఇంజను 2,000 గంటలు దాటింది, విప్పాలా?

మేం నలుగురం కలిసి ఒక విమానం కొనుక్కున్నాం. 1975 నాటి సెస్నా 172ఎం. నాలుగు సీట్లు, ఒకే ఇంజను, నెత్తిమీద రెక్కలు. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్టులో, రేకుల హ్యాంగర్‌లో ఉంటుంది. దాని లైకమింగ్ ఓ-320 ఇంజను ఈమధ్యే 2,000 గంటలు దాటింది. అప్పటినుంచి మాలో మాకు ఒకటే వాదన. దించేసి ఓవర్‌హాల్‌కి, అంటే మొత్తం విప్పి అరిగినవి మార్చి మళ్ళీ కలపడానికి, పంపాలని ఇద్దరంటారు. ఇంకొన్నాళ్ళు ఆగుదామని ఒకరు. నేను మొదటినుంచీ విప్పొద్దనే అంటున్నాను.

ఓవర్‌హాల్‌కి వచ్చిన కొటేషన్ 30,000 డాలర్ల పైనే. నలుగురం పంచుకున్నా తక్కువేం కాదు. కానీ నేను డబ్బు మిగుల్చుకుందామని ఈ మాట అనడం లేదు. మీటరులో ఒక అంకె వచ్చిందని, బాగా నడుస్తున్న ఇంజన్ని ముక్కలుగా విప్పితే విమానం ఇంకా క్షేమంగా తయారవుతుందన్న నమ్మకమే తప్పంటున్నాను. చాలాసార్లు జరిగేది దానికి ఉల్టా. ఇక్కడ సరదాగా విమానం నడిపే మన తెలుగువాళ్ళు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఏటా చేయించాల్సిన తనిఖీ, యాన్యువల్, టైమ్ రాగానే తాళాలు షాపు చేతిలో పెట్టి, బిల్లు వచ్చేదాకా అటువైపు చూడరు. ఇది ముఖ్యంగా వాళ్ళకోసమే రాస్తున్నాను.

ముందు ఈ 2,000 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. దీన్ని టీబీఓ అంటారు. ఒక ఓవర్‌హాల్‌కీ ఇంకో ఓవర్‌హాల్‌కీ మధ్య ఇన్ని గంటలు నడపొచ్చని ఇంజను కంపెనీ ఇచ్చే సూచన. లైకమింగ్ దీన్ని సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1009లో రాస్తుంది. మా ఇంజనుకి 2,000 గంటలు, లేదా 12 ఏళ్ళు, ఏది ముందొస్తే అది. అయితే అమెరికాలో సొంత అవసరానికో సరదాకో ఎగిరే విమానాలకి ఇది తప్పనిసరి కాదు. చట్టం అడిగేది యాన్యువల్. ప్రతి 12 నెలలకీ తగిన అర్హత ఉన్న మెకానిక్ విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసి, ఎగరడానికి పనికొస్తుందని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఇంజను బాగుంటే 2,000 దాటినా సంతకం పెడతాడు. బాగోకపోతే 200 గంటలకే ఆపేస్తాడు.

ఆ 12 ఏళ్ళ సంగతి మా భాగస్వాములకి నేను పదేపదే గుర్తుచేస్తుంటాను. మా ఇంజన్ని కిందటిసారి ఓవర్‌హాల్ చేసింది 1998లో. అంటే పన్నెండేళ్ళ గడువు 2010లోనే అయిపోయింది. మేం కొన్నప్పుడే అది దాటి ఉంది. అప్పుడు మాలో ఎవరికీ టెన్షన్ లేదు. ఏళ్ళ గడువు దాటినా హాయిగా నిద్రపోయినవాళ్ళం, గంటల గడువు దాటగానే ఉలిక్కిపడటం దేనికి? రెండూ ఒకే కాగితం మీద ఉన్న అంకెలే కదా. నిజానికి ఈ రెంటిలో ఏళ్ళ గడువుకే కాస్త ఎక్కువ అర్థం ఉంది. ఎందుకో తర్వాత చెప్తాను.

శనివారం పొద్దున మా హ్యాంగర్ వరసలోకి వస్తే ఈ విషయం మీద ఎన్ని రకాల అభిప్రాయాలు కావాలంటే అన్ని దొరుకుతాయి. మడత కుర్చీలు, కాఫీ, డోనట్ల డబ్బా. తలుపులు తెరిచి ఉన్న హ్యాంగర్ దగ్గర ఎవరైనా ఆగొచ్చు. మా ఎదురు హ్యాంగర్లో పైపర్ చెరోకీ ఉంది, దాని రెక్కలు కిందుంటాయి. ఆ పెద్దాయనకీ మాకూ రెక్కల పేచీ ఎప్పటికీ తెగదు. మీరు పెట్రోలు చూసుకోవాలంటే నిచ్చెన వేసుకోవాలి, నేను నేలమీద నిలబడి మూత తీస్తానంటాడాయన. వానొస్తే మాకు రెక్కే గొడుగు, మీరు ఒక్క తలుపులోంచి నలుగురూ తడుస్తూ దూరాలి అంటాం మేం. అది అయ్యాక ఆయిల్ మీదికి మళ్ళుతుంది. ఏరోషెల్ 15డబ్ల్యూ-50 మంచిదా, ఫిలిప్స్ 20డబ్ల్యూ-50 మంచిదా, అసలు పాతకాలం సింగిల్ గ్రేడ్ ఆయిలే పార్టుల మీద ఎక్కువ రోజులు అంటుకుని ఉంటుందా? ఎగిరేటప్పుడు పెట్రోలూ గాలీ కలిసే మిక్స్చర్ ఎంత పలచన చేయాలన్నది ఇంకో యుద్ధం. చివరికి ఎవరో ఒకరు పక్క ఊరి ఎయిర్‌పోర్టు హోటల్లో భోంచేద్దాం పదండంటారు. పది డాలర్ల బర్గర్ తినడానికి పెట్రోలు ఖర్చుతో కలిపి ఎంతవుతుందో అందరికీ తెలుసు కాబట్టే దానికి వంద డాలర్ల హాంబర్గర్ అని పేరు. ఇప్పుడు వందకి రాదు.

ఈ కబుర్లని కాలక్షేపం అనుకునేవాళ్ళుంటారు. నేను అలా అనుకోను. ఇంజన్ల గురించి నాకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ కుర్చీల్లో కూర్చునే నేర్చుకున్నాను. పైలట్ లైసెన్సు చదువులో ఇంజను నడపడం నేర్పుతారు గానీ ఇంజన్ని వినడం నేర్పరు. అది ఎదురు హ్యాంగర్ పెద్దాయన దగ్గరే నేర్చుకోవాలి. ఈ విప్పొద్దనే వాదన కూడా నేను మొదట విన్నది అక్కడే. ఆయన ఒకరోజు వాడింగ్టన్ పేరెత్తాడు.

సి.హెచ్. వాడింగ్టన్ ఇంజనీరు కాదు, బ్రిటన్‌కి చెందిన జీవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలోని కోస్టల్ కమాండ్‌కి లెక్కలు కట్టిపెట్టే శాస్త్రవేత్తల్లో ఆయనొకరు. కోస్టల్ కమాండ్ పని జర్మన్ జలాంతర్గాములని వేటాడటం. అందుకు వాడే లిబరేటర్ బాంబర్లు ఎగరాల్సినంత ఎగరడం లేదు, మరమ్మతులకే చాలా సమయం పోతోంది. ప్రతి 50 గంటలకీ ఒక తనిఖీ ఉండేది. వాడింగ్టన్ బృందం తనిఖీ అయినప్పటినుంచి ఎన్ని గంటలకి ఎన్ని రిపేర్లు వస్తున్నాయో గ్రాఫ్ గీసింది. మామూలుగా అయితే తనిఖీ అవ్వగానే రిపేర్లు తగ్గాలి, గంటలు గడిచేకొద్దీ పెరగాలి. గ్రాఫ్ తిరగబడి ఉంది. తనిఖీ అయిన వెంటనే రిపేర్లు ఎక్కువ. గంటలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చి, మళ్ళీ తనిఖీ జరగ్గానే పైకి లేస్తున్నాయి.

అంటే ఆ తనిఖీల్లో చేసే పనే విమానాల్ని పాడు చేస్తోంది. కదల్చనక్కర్లేని దాన్ని కదల్చడం, విప్పి బిగించేటప్పుడు ఏదో ఒకటి తేడా రావడం. తనిఖీల మధ్య వ్యవధి పెంచి, ఉపయోగం లేని పనులు తీసేశాక విమానాలు గాల్లో ఉండే గంటలు బాగా పెరిగాయి. ఈ లెక్కలన్నీ 1973లో గానీ పుస్తకంగా బయటికి రాలేదు. తనిఖీ చేయడం మానేయమని వాడింగ్టన్ ఎక్కడా చెప్పలేదని గుర్తుంచుకోవాలి. నా వాదనకి కూడా అది ప్రాణం లాంటి విషయం. చూడటం వేరు, విప్పడం వేరు.

యుద్ధకాలం నాటి బాంబర్ల దాకా ఎందుకు, మా విమానంలోనే చూశాం. ఒక ఏడాది యాన్యువల్ అయిపోయి విమానం చేతికొచ్చింది. లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మా అలవాటేమిటంటే, షాపు నుంచి వచ్చిన విమానాన్ని వెంటనే గాల్లోకి తీసుకెళ్ళం. ముందు స్టార్ట్ చేసి, కాసేపు నేలమీదే నడిపి, ఇంజను ఆపేసి, ముక్కు మీది డొప్ప తీసి టార్చి వేసుకుని అంతా చూస్తాం. ఆ రోజు కార్బురేటర్ కింద సన్నగా నీలం రంగు చార కనిపించింది. మా విమానాల్లో పోసే 100ఎల్ఎల్ పెట్రోలుకి నీలం రంగు కలుపుతారు. కారి ఆరిపోయిన చోట ఆ రంగు మరకగా మిగిలిపోతుంది. పైన చూస్తే పెట్రోలు గొట్టం నట్టు చేత్తోనే తిరిగిపోయింది. ఎవరో వేలితో బిగించి, పానా వేయడం మర్చిపోయారు. యాన్యువల్‌కి వెళ్ళేముందు ఆ నట్టు గట్టిగానే ఉంది. దాని పక్కనున్న ఫిల్టర్ చూడాలని విప్పారు. విప్పాల్సిందే, నేను కాదనను. కానీ ఒక్క నట్టు విప్పితేనే ఇంత ప్రమాదం దాపురించినప్పుడు, ఇంజను మొత్తాన్ని, అందులోని ప్రతి నట్టునీ, ప్రతి బేరింగునీ విప్పి మళ్ళీ కలిపే పనిలో ఎన్ని చోట్ల తేడా రావచ్చో ఆలోచించండి. షాపువాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. మంచి మెకానిక్ చేతిలో కూడా శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగుతుంది.

ఊళ్ళో మా మేనమామ బోరు మోటారు గురించి ఒకే మాట అనేవాడు. నీళ్ళు సరిగ్గా పోస్తున్నంతకాలం దాన్ని పైకి లాగొద్దు, లాగిన మోటారు మునుపటిలా కూర్చోదు అని. ఆయనకి లెక్కలూ గ్రాఫులూ ఏమీ తెలీవు.

ఎయిర్‌లైన్స్ ఈ సంగతి చాలా ముందే గ్రహించాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసిన స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ అనే ఇద్దరు ఇంజనీర్లు అమెరికా రక్షణ శాఖ కోసం 1978లో ఒక నివేదిక రాశారు. విమాన భాగాలు ఏ వయసులో ఎలా చెడిపోతున్నాయో వాళ్ళు లెక్క తీస్తే, వయసు పెరిగేకొద్దీ చెడిపోయే అవకాశం పెరిగే రకం 11 శాతమే. మిగతా 89 శాతం భాగాలకి ఇన్ని గంటలకి మార్చెయ్యాలని గడువు పెట్టడం వల్ల లాభం లేదు. పైగా 68 శాతం భాగాల్లో గండం అంతా కొత్తలోనే. బిగించిన తొలి గంటల్లో చెడిపోయే అవకాశం ఎక్కువ, ఆ గండం గడిస్తే తర్వాత స్థిరం. ఈ ఆలోచన ఎంత మార్పు తెచ్చిందంటే, పాత పద్ధతిలో డీసీ-8 విమానంలో 339 భాగాలకి గడువు ప్రకారం ఓవర్‌హాల్ ఉండేది. తర్వాత వచ్చిన డీసీ-10కి అలాంటివి ఏడే. ఆ ఏడింటిలో ఇంజను లేదు. మనం ఇండియాకి వెళ్ళొచ్చే పెద్ద విమానాల ఇంజన్లని కూడా చాలావరకు పరిస్థితి చూసే దింపుతారు. అందులో మూడొందల మంది కూర్చుని నిద్రపోతారు. మన నాలుగు సీట్ల విమానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంకె చూసి భయపడతాం.

అవి టర్బైన్ ఇంజన్లు, అంటే జెట్లు, మనవి పిస్టన్ ఇంజన్లు, పోలికేమిటని మా భాగస్వాముల్లో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పిస్టన్ ఇంజన్లో అరిగిపోయే భాగాలు నిజంగానే ఉంటాయి. రింగులు, వాల్వులు, వాల్వ్ కాడలు కదిలే గైడ్లు అరుగుతాయి. కానీ అవన్నీ సిలిండర్ల దగ్గరుండేవి. అరుగుతున్నప్పుడు సూచనలిస్తాయి. ఏది అరిగితే దాన్ని ఇంజను దించకుండానే సరిచేయొచ్చు. లోపలుండే, ప్రొపెల్లర్ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్ లాంటివి అంత త్వరగా అరిగేవి కావు. అమెరికాలో ఈ వాదనని చిన్న విమానాల వాళ్ళ దగ్గరికి తెచ్చినవారిలో ముఖ్యుడు మైక్ బుష్. స్వయంగా మెకానిక్, పైలట్. తన సెస్నా 310 ఇంజన్లని టీబీఓ దాటించి ఏళ్ళ తరబడి నడిపి చూపించాడు. ఆయన్ని తిట్టుకునే షాపులూ ఉన్నాయి. నేనైతే ఆయన పక్షం.

కొత్తగా ఓవర్‌హాల్ అయిన ఇంజను అంటే కొత్త పార్టులు. కొత్త పార్టులంటే నిశ్చింత అనుకుంటాం. 2017లో ఏం జరిగిందో చూడండి. లైకమింగ్ ఇంజన్లలో పిస్టన్ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ పైకొసన ఉండే బుషింగులు, అంటే లోపలి తొడుగులు, కొన్ని సరైన కొలతలో లేవని తేలింది. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చినవీ, ఆ పార్టులతో ఓవర్‌హాల్ అయినవీ ముందుగా పరీక్షించుకోవాలని ప్రభుత్వం ఆదేశించింది. పాత బుషింగులతో నడుస్తున్న ముసలి ఇంజన్లకి ఆ బాధ లేదు. 2023 ఫిబ్రవరిలో ఇంకో ఇంజను కంపెనీ కాంటినెంటల్ వంతు. క్రాంక్‌షాఫ్ట్ వణుకు తగ్గించే బరువుల్ని, కౌంటర్‌వెయిట్లని, పట్టి ఉంచే రింగులు సరిగ్గా కూర్చోలేదన్న అనుమానంతో కొత్త ఇంజన్లున్న విమానాలు నేలకి దిగిపోయాయి. విమానాలు తయారుచేసే సిరస్ కంపెనీ తన సొంత విమానాల్నే కొన్నాళ్ళు ఎగరనివ్వలేదు.

మా నెల్లూరు భాగస్వామి నాకన్నా వయసులో చిన్నవాడు. అతనికి ఇద్దరు పిల్లలు. వాదన వేడెక్కినప్పుడు ఒకసారి, "అన్నా, నువ్వు చెప్పే లెక్కలన్నీ బాగానే ఉన్నాయి. కానీ పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టేటప్పుడు నాకు ఆ 2,000 అంకే కళ్ళముందు కనిపిస్తుంది" అన్నాడు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అదే ప్రశ్నకి నా జవాబు కూడా పిల్లల గురించే. ఓవర్‌హాల్ అయి వచ్చిన ఇంజనుతో మొదటి కొన్ని పదుల గంటలు నేను నా పిల్లల్ని ఎక్కించను. ఎవరి పిల్లల్నీ ఎక్కించను. మా పాత ఇంజన్ని రోజూ చూసుకుంటున్న మనకి దాని ఆరోగ్యం తెలుసు. కొత్తగా కలిపిన ఇంజను గురించి మనకి తెలిసింది ఎవరో పెట్టిన సంతకం మాత్రమే.

రోజూ చూసుకోవడం అంటే ఏమిటో చెప్పకపోతే ఇదంతా మొండితనంలా ఉంటుంది.

మా ఆయిల్ మేమే మారుస్తాం. అమెరికా నిబంధనల్లో పార్ట్ 43 అని ఉంది. అందులో మెకానిక్ లేకుండా పైలట్ తన సొంత విమానానికి చేసుకోగల పనుల జాబితా ఉంది. ఆయిల్ మార్చడం, టైర్లు మార్చడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం, బ్యాటరీ చూసుకోవడం లాంటివి. చేసి లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. ఫిల్టర్ ఉన్న ఇంజనుకి 50 గంటలకీ, ఎగిరినా ఎగరకపోయినా నాలుగు నెలలకీ ఆయిల్ మార్చమని లైకమింగ్ అంటుంది. మేం అంతకంటే ముందే మార్చేస్తాం. మా ఇంజనుకి మొదట జల్లెడే ఉండేది. మాకన్నా ముందున్న యజమానుల్లో ఎవరో ఫిల్టర్ పెట్టించి పుణ్యం కట్టుకున్నారు.

పాత ఫిల్టర్ని అలాగే చెత్తలో పడేయడం నేరం అంటాను నేను. అందులోనే అసలు కథంతా ఉంటుంది. డబ్బాలు కోసే ప్రత్యేకమైన కట్టర్ ఒకటుంది. దాంతో చుట్టూ కోసి పైమూత తీస్తాం. రంపంతో కోస్తే ఆ రజనే లోపల పడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. లోపల కాగితం మడతలు మడతలుగా ఉంటుంది. దాన్ని చాకుతో కోసి, ఆయిల్ పిండేసి, ఎండలో బార్లా పరుస్తాం. నల్లటి పలుకులు కనిపిస్తాయి. గోటితో నలిపితే పొడి అయ్యేవి కార్బన్, వాటితో గొడవ లేదు. మెరిసేవి కనిపిస్తే ఆగాలి. అయస్కాంతం దగ్గరికి తెస్తే అంటుకునేది ఇనుము. అది వాల్వులని తెరిపించే క్యామ్‌షాఫ్టో, దానికి ఆని కదిలే లిఫ్టరో అరుగుతోందనడానికి గుర్తు కావచ్చు. అంటుకోకుండా మెరిసేది అల్యూమినియం అయితే పిస్టన్ వైపు చూడాలి. రెండు మూడు సన్నటి నలుసులకి ఎవరూ కంగారు పడరు. చిటికెడు లోహం కనిపిస్తే మాత్రం విమానం కదలదు. ఆయిల్ కొంచెం సీసాలో పట్టి ల్యాబుకి కూడా పంపుతాం. ఇనుము, రాగి, క్రోమియం పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళున్నాయో వాళ్ళు రాసి పంపుతారు. ఒక్కసారి వచ్చిన అంకెతో పని లేదు. కిందటిసారి కన్నా ఎంత మారిందన్నదే చూడాలి.

ఇక బోర్‌స్కోప్. వేలంత లావు కూడా లేని గొట్టం చివర కెమెరా. స్పార్క్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి సిలిండర్లోకి పంపితే ఎగ్జాస్ట్ వాల్వ్ ముఖం ఫోన్లో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వాల్వ్ మీద మసి రంగులు మధ్యలోంచి అంచుదాకా అన్ని వైపులా సమానంగా, వలయాలుగా ఉంటాయి. ఒక పక్క అంచున మాత్రమే రంగు తేడాగా నెలవంకలా కనిపిస్తే అక్కడ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదని, వేడి గాలి కారి ఆ అంచు కాలిపోతోందని అర్థం. అది విరిగిపోవడానికి చాలా గంటల ముందే మనకి కనిపిస్తుంది. పాతకాలం కంప్రెషన్ పరీక్షలో 80 పౌండ్ల గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తారు. అది ఒక్కోసారి ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా చెప్తుంది. ఫోటో అలా మాట మార్చదు.

ఈ చూపు వల్ల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక చలికాలం పొద్దున్న మా ఇంజను స్టార్ట్ కాగానే ఒక నిమిషం పాటు కుంటుతూ, విమానమంతా వణికించి, తర్వాత సర్దుకుంది. ఎదురు హ్యాంగర్ పెద్దాయన కాఫీ కప్పుతోనే బయటికొచ్చి, "మార్నింగ్ సిక్‌నెస్, ఎగరకండి" అన్నాడు. లైకమింగ్ ఇంజన్లకి ఇది బాగా తెలిసిన జబ్బు. పెట్రోలులోని సీసం, కార్బన్ కలిసి ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్‌లో పేరుకుపోతాయి. చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ ఇరుక్కుని తెరుచుకునే ఉంటుంది, వేడెక్కాక వదులవుతుంది. పట్టించుకోకపోతే ఒకరోజు గాల్లోనే ఇరుక్కుంటుంది. మా మెకానిక్ సిలిండర్ పీకాలనలేదు. రోప్ ట్రిక్ చేద్దామన్నాడు.

స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్లోకి నైలాన్ తాడు కుక్కుతారు. ప్రొపెల్లర్ని చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడుని వాల్వ్‌కి ఆనించి నొక్కుతుంది. ఇప్పుడు స్ప్రింగు విప్పినా వాల్వ్ లోపలికి జారిపోదు. స్ప్రింగు తీసేశాక పిస్టన్ని దింపి, తాడు లాగేసి, వాల్వ్‌ని సిలిండర్ లోపలికి వదులుతారు. ఖాళీ అయిన గైడ్‌లో రీమర్ అనే గీకే పనిముట్టు తిప్పితే పేరుకున్న మడ్డి అంతా నల్లగా రాలి పడుతుంది. వాల్వ్ కాడని కింది ప్లగ్గు రంధ్రంలోంచి బయటికి తీసి రుద్ది శుభ్రం చేసి, మళ్ళీ అయస్కాంతంతో గైడ్‌లోకి ఎక్కిస్తారు. అది ఎక్కించడానికే ఓపిక కావాలి. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రానికి పని అయిపోయింది. సిలిండర్ పీకితే ఇంజన్ని రెండు సగాలుగా కలిపి పట్టే పొడవాటి బోల్టుల బిగింపు కూడా కదులుతుంది. వాటిని మళ్ళీ సరిగ్గా బిగించకపోతే లోపలి బేరింగు జరిగిపోతుంది, సిలిండర్ ఊడిపోయిన ప్రమాదాలు కూడా ఉన్నాయి. ఒక వాల్వ్ కోసం అంత రిస్కు అక్కర్లేదు. ఇంజను ఇచ్చిన సూచన వినగలిగిన మనిషి ఆ పొద్దున పక్కనే ఉన్నాడు కాబట్టే అంత చిన్న పనితో పోయింది.

ఇంత చెప్పాక, ఎక్కడ వాదించకుండా విప్పాలో కూడా చెప్పాలి.

అలసిన లోహం ముందుగా చెప్పదు. 2018 ఏప్రిల్లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర శిక్షణ విమానం పైపర్ యారో రెక్క గాల్లోనే విరిగిపోయి ఇద్దరు చనిపోయారు. రెక్కని మోసే దూలంలో, బోల్టు రంధ్రం దగ్గర పగులు వచ్చింది. అది బయటినుంచి కళ్ళకి కనిపించేది కాదు. బోల్టు తీసి, లోహంలో పగుళ్ళని కరెంటుతో పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత ఎక్కువగా వాడిన పైపర్లకి ఆ పరీక్ష తప్పనిసరి చేశారు. బోల్టులు తీసే పనిలోనే రంధ్రానికి గీత పడి కొత్త పగులుకి దారితీయొచ్చన్న ఆందోళన పైలట్ సంఘాలు కూడా వ్యక్తం చేశాయి. అది నిజమైన ఆందోళనే. అయినా అక్కడ నేను విప్పమనే అంటాను. చూడటానికి వేరే దారి లేనప్పుడు, చూడకపోతే ప్రాణం పోయేటప్పుడు విప్పక తప్పదు. ఎదురు హ్యాంగర్ పెద్దాయన కూడా ఆ పరీక్షకి మారుమాట్లాడకుండా తన చెరోకీని ఇచ్చాడు.

రెండోది తుప్పు. పైన చెప్పిన 12 ఏళ్ళ గడువుకి కాస్త అర్థం ఉందన్నది ఇందుకే. లైకమింగ్ ఇంజన్లో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ కన్నా పైన ఉంటుంది. విమానం ఊరికే నిలబడితే ఆయిలంతా కిందికి దిగిపోయి పైన క్యామ్ పొడిగా మిగిలిపోతుంది, తేమకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన క్యామ్ తర్వాత అరిగి ఆ రజను ఇంజనంతా పంపిస్తుంది. 600 గంటలే తిరిగి పదేళ్ళు మూలన పడి ఉన్న ఇంజను, వారం వారం ఎగురుతూ 2,000 దాటిన ఇంజను, ఈ రెంటిలో ఏది కొంటావని నన్నడిగితే ఆలోచించకుండా రెండోది తీసుకుంటాను. అమ్మకాల్లో మాత్రం మొదటిదానికే ఎక్కువ ధర పలుకుతుంది. అందుకే మేం వంతులు వేసుకున్నాం. రెండు వారాలు దాటకుండా ఎవరో ఒకరు విమానాన్ని గాల్లోకి తీసుకెళ్ళి, ఆయిల్లోని తేమ ఆవిరయ్యేదాకా తిప్పి రావాలి. నేలమీదే స్టార్ట్ చేసి ఆపేస్తే సరిపోదు. ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, తేమ ఇంకా పెరుగుతుంది.

అద్దెకి మనుషుల్ని తీసుకెళ్ళే సంస్థలకి నిబంధనలు వేరు, వాటి జోలికి నేను పోవడం లేదు. రాత్రిపూట, మబ్బుల్లో, కొండల మీదుగా ఒకే ఇంజనుతో ఎగిరేవాళ్ళు నాకన్నా జాగ్రత్తగా ఆలోచించుకోవాలి. మేం ఎక్కువగా పగలే ఎగురుతాం. ఉత్తర టెక్సస్‌లో కిందంతా చదునైన పొలాలు.

ఇండియాలో మా బంధువులకి ఈ గొడవంతా వింత. నేను పెరిగింది సికింద్రాబాద్‌లో. బేగంపేట వైపు చిన్న విమానం చప్పుడు వినిపిస్తే మేడమీదికి పరిగెత్తేవాళ్ళం. అక్కడ సొంత విమానం ఎవరిదీ కాదు, క్లబ్బుదో ప్రభుత్వానిదో. మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బుల్లో తిరిగిన పుష్పక్ విమానాన్ని హెచ్ఏఎల్ 1958లో మొదటిసారి ఎగరేసింది. దాని ఫోటో ఇప్పటికీ మా హ్యాంగర్ గోడమీద ఉంది. మా విమానం వయసు 50 ఏళ్ళని చెప్తే, "అంత పాతదాంట్లో ఎందుకు ఎగురుతావురా" అని అమ్మ ఫోన్లో కేకలేస్తుంది. విమానం వయసు పుట్టిన ఏడాది బట్టి కాదు, దాన్ని చూసుకునే మనిషిని బట్టి అని ఆవిడకి నేను చెప్పగలను. భాగస్వాములకి చెప్పడమే కష్టంగా ఉంది.

వాళ్ళకి చెప్పేది ఇంకొకటుంది. చిన్న విమానాల ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇంజను పాడై జరిగేవి కావు. పైలట్ నిర్ణయాల వల్ల జరిగేవి. వాతావరణం బాగోలేకపోయినా బయల్దేరడం, పెట్రోలు లెక్క చూసుకోకపోవడం, దిగేటప్పుడు వేగం చూసుకోకపోవడం. మా విమానం గంటకి ఎనిమిది గ్యాలన్లు తాగుతుంది. గ్యాలన్ ఆరేడు డాలర్లు. 30,000 డాలర్లతో 500 గంటలకి పైగా ఎగరొచ్చు. ఆ గంటల్లో కొన్నింటిలోనైనా పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకుని అడ్డగాలిలో దిగడం, ఇంజను ఆగితే పొలంలో దింపడం సాధన చేస్తే మా నలుగురి ప్రాణాలకీ ఓవర్‌హాల్ కన్నా ఎక్కువ రక్ష. ఓవర్‌హాల్ కోసం గంటకి ఇంతని పక్కన పెడుతున్న డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. ఇంజను తనంతట తాను అడిగిన రోజున, అంటే ఫిల్టర్లో లోహం వచ్చిన రోజునో, ఆయిల్ ఖర్చు ఒక్కసారిగా పెరిగిన రోజునో, ఒక్క పూట కూడా ఆలోచించకుండా దించేద్దాం.

కిందటి వారం మళ్ళీ కూర్చున్నాం. ముగ్గురం ఒక మాట మీదికొచ్చాం. నెల్లూరు తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ షరతులు పెట్టాడు. ఆయిల్ 25 గంటలకే మార్చాలి. మార్చిన ప్రతిసారీ నాలుగు సిలిండర్ల బోర్‌స్కోప్ ఫోటోలు నలుగురికీ పంపాలి. ఎవరు ఒక్కరు అనుమానం వ్యక్తం చేసినా మెకానిక్ చూసేదాకా విమానం కదలకూడదు. మంచి షరతులు. అన్నిటికీ సరేనన్నాను, నాది కూడా ఒకటి కలిపాను. వచ్చే ఆయిల్ మార్పప్పుడు ఫిల్టర్ కోసి కాగితం ఎండలో పరిచే పని అతనిదే.